నలుగురు మించని సభ

ఓట్ల పనికి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు బర్మాలో, పజుండౌంగ్ పేటలో ఉన్న మా ఇంటి మెట్లెక్కి వస్తుంటారు. చర్చి కమిటీ ఎన్నిక కావచ్చు, వార్డు ఎన్నిక కావచ్చు, ఎవరో ఒకరు "ఎస్తేరమ్మని అడగండి" అని పంపిస్తారు. వచ్చినవాళ్ళంతా అడిగేది ఒకటే: లెక్క తప్పకుండా ఎలా చూసుకోవాలి? నాకు నవ్వొస్తుంది. నా సర్వీసులో లెక్క తప్పిన ఎన్నికలు రెండో మూడో ఉంటాయి. మనుషులు తప్పిపోయిన ఎన్నికలకు మాత్రం అంతే లేదు. అందులో నా చేతి పాపమూ ఉంది కాబట్టి ఇది రాస్తున్నాను. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఏ ఫైలు ఏ బీరువాలో ఉండేది లాంటివి రాయను. అవి చదివితే నాకే ఆవలింతలు వస్తాయి.

చేతులెత్తే రోజులు

దేశాన్ని ఒకే పార్టీ ఏలిన కాలంలో నేను టౌన్‌షిప్ ఆఫీసులో గుమాస్తాని. అప్పట్లో ఎన్నిక రోజున కాగితం మీద ఒక్క పేరే ఉండేది. కాబట్టి అసలు ఎంపిక ఏదన్నా ఉంటే అది అంతకుముందే, వార్డు సభలో అయిపోయేది. పెద్దాయన ఎవరో పేరు చదువుతాడు, కూర్చున్నవాళ్ళు చేతులెత్తుతారు, నేను లెక్కపెట్టి రాసుకుంటాను.

మా హెడ్ గుమాస్తా ఊ చిట్ లైంగ్ నాకు ఈ పని నేర్పాడు. సన్నటి మనిషి, నోట్లో ఎప్పుడూ కిళ్ళీ. మొదటి సభలో నేను చేతులు లెక్కపెడుతుంటే చెవి దగ్గరకొచ్చి, "అమ్మాయ్, చేతులు కాదు, మోచేతులు చూడు. నిటారుగా లేచినవాడికి మనిషి నచ్చాడు. వంచి ఎత్తినవాడికి ఇంట్లో పిల్లలు గుర్తొచ్చారు" అన్నాడు. ఆ తర్వాత ఏ సభలో చూసినా నాకు వంగిన మోచేతులే కనిపించేవి.

ఒకసారి సంచౌంగ్‌లో సభకు నన్ను డ్యూటీ వేశారు. పొద్దున పది గంటలకు పెట్టారు. ఆ వేళకి బజారులో చేపలమ్మేవాళ్ళు, కూరలమ్మేవాళ్ళు ఎలా వస్తారు? హాల్లో పాతిక మంది ఉన్నారు. అందులో సగం మంది ఆఫీసువాళ్ళ బంధువులే. మధ్యాహ్నం బజారు మూశాక పెడదామా అని ఊ చిట్ లైంగ్‌ని అడిగాను. ఆయన కిటికీలోంచి కిళ్ళీ ఉమ్మి, "వాళ్ళొస్తే ప్రశ్నలడుగుతారు. ప్రశ్నలడిగితే మన భోజనం ఆలస్యమవుతుంది" అన్నాడు. నేనూ నవ్వేశాను. నవ్వి, పుస్తకంలో 'ఏకగ్రీవం' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. ఆ మాట అలా ఎన్నిసార్లు రాశానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఉద్యోగం పోయిన సంగతి

తరవాత ఎనభై ఎనిమిదిలో ఆ వానాకాలం వచ్చింది. విద్యార్థులు, రేవు కూలీలు, నర్సులు, చివరికి మా ఆఫీసు ప్యూన్లు కూడా ఆ పార్టీ దిగిపోవాలని రోడ్డు మీదికి వచ్చారు. నేనూ వెళ్ళాను. గుంపు మధ్య నిలబడి, అలవాటు చొప్పున, లేచిన చేతులు లెక్కపెడదామని చూశాను. నా చూపు ఆనినంత దూరం చేతులే. ఒక్క మోచెయ్యి వంగలేదు. దేవుడా, ఈ జనమంతా ఇన్నాళ్ళూ ఎక్కడున్నారు అనుకుని అక్కడే నిలబడి ఏడ్చాను. ఇరవై నాలుగేళ్ళు నేను లెక్కపెట్టింది వీళ్ళు లేని గదులని ఆ రోజు తెలిసింది.

సైన్యం జనం మీద కాల్పులు జరిపాక ఊరు నోరు మూసుకుంది. ఒక్క వాక్యం ఉన్న కాగితం పంపి నా ఉద్యోగం తీసేశారు. ఊ చిట్ లైంగ్ సంతకం అందులో లేదు. ఆయన్నీ తీసేశారు. శ్రీకాకుళం నుంచి మా పిన్ని రాసే ఉత్తరాలు ఆగిపోయాయి. ఒకటి మాత్రం ఏడు నెలలకు వచ్చింది, అది కూడా ఎవరో విప్పి మళ్ళీ అంటించిందే. ప్రపంచం మమ్మల్ని మరిచిపోయిందో, మాకే ప్రపంచం కనబడకుండా తలుపు వేశారో తెలిసేది కాదు. అయిదుగురు ఒకచోట చేరితే నేరం. నలుగురి దాకా పరవాలేదు.

అలాంటి రోజుల్లో, సైన్యంవాళ్ళే దేశమంతా ఎన్నికలు పెడతామన్నారు. నమ్మినవాళ్ళు తక్కువ. అయినా వానకు పుట్టగొడుగుల్లా పార్టీలు లేచాయి. మా పేటలో ఒక చిన్న పార్టీకి కో పీటర్ అనే మా తెలుగతను అంతా తానై చూసుకునేవాడు. ముప్పై అయిదేళ్ళవాడు, కింద సైకిల్ రిక్షాల రిపేరు షాపు, పైన పార్టీ ఆఫీసు. నన్ను పిలిచి, "అక్కా, మన కేండిడేట్‌ని మనమే పిక్ చేసుకోవాల. నీ అంత ఎక్స్‌పీరియన్స్ ఎవులికున్నాది?" అన్నాడు. ఉద్యోగం పోయిన గుమాస్తాకి ఇంతకంటే తియ్యటి మాట ఉంటుందా! వెంటనే ఒప్పేసుకున్నాను.

వచ్చినవాళ్ళకే ఓటు

పోటీలో ఇద్దరున్నారు. ఒకరు ఊ ఖిన్ షేన్ అనే వకీలు. మాటకారి, మర్యాదస్థుడు, చదువుకున్న ఇళ్ళన్నీ ఆయన వెంటే. రెండోవారు డో నూ నూ, మంత్రసాని. పజుండౌంగ్ కాలువ ఒడ్డున ఉండే రేవు కూలీల పిల్లల్లో సగం మందికి బొడ్డు కోసింది ఆవిడే. సభ పెట్టడానికి కో పీటర్ ఎక్కడెక్కడో తిరిగి అనుమతి తెచ్చాడు. మంగళవారం పొద్దున పది గంటలకు, ఒక గంట సేపు.

నియమాలు నేను రాశాను. మొదటిది: సభకు వచ్చినవాళ్ళకే ఓటు. చేతులెత్తడానికి భయపడతారు కాబట్టి చీటీ వెయ్యాలి. అంతవరకూ బుర్ర పనిచేసింది. మంగళవారం పదింటికి సేక్కాన్ రేవులో ఓడ దించుతున్న కూలీ ఎలా వస్తాడన్నది మాత్రం తట్టలేదు. తట్టలేదంటే అబద్ధం. కో పీటర్ చెప్పాడు. "రానివాళ్ళు పంపిన చీటీ వాళ్ళే రాశారని ఏమిటి నమ్మకం?" అన్నాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అన్నట్టు కూర్చున్నాను.

సభకు రెండు రోజుల ముందు నూకాలమ్మ వచ్చింది. రేవు గేటు దగ్గర బజ్జీలమ్ముకునే ముసలమ్మ, డెబ్బై దాటాయి. మెట్లెక్కిన ఆయాసం తీరకుండానే మొదలెట్టింది.

"ఏటమ్మా ఎస్తేరూ, మంగలారం రాకపోతే నా మాట లెక్కనేదంట. నిజవేటి?"

"నిజమే అమ్మా. రూలు అదే."

"ఆ ఏలకి ఓడోలు టీకొస్తారు. బండి ఒగ్గీసి ఎలాగొస్తానే?"

"ఒక్క గంట మూసెయ్యి."

ముసలమ్మకు కోపం వచ్చింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "నాను పుట్టింది ఈ ఊల్లో, పెల్లాడింది ఈ ఊల్లో, మొగుణ్ణి పాతీసింది ఈ ఊల్లో. అయినా నా కార్డు మీద పరదేశి అనే రాసినారు. ఆ పెద్ద ఓటు నాకెలాగూ నేదు. మీ పార్టీలో సేరినప్పుడు పీటరు కార్డు అడగనేదు గనక ఈ బుల్లి ఓటైనా దొరికింది. సచ్చీలోపల ఒక్కసారి ఏసుకుందామనుకున్నాను. అదీ నీకు కన్ను కుట్టిందేటి?"

ఆవిడ చెప్పింది నిజమే. అయినా రూలు మార్చలేదు. "చూద్దాం" అన్నాను. గుమాస్తా నోట ఆ మాట వస్తే కాదని అర్థం. అది ఆవిడకీ తెలుసు. మెట్లు దిగిపోయింది.

పొట్లాలు

మంగళవారం పొద్దున హాలు ముందు ట్రక్కు నిండా సైనికులు. అనుమతి రద్దు. తొమ్మిదిన్నరకే వచ్చిన నలభై మంది ఎవరిదారిన వాళ్ళు తలొంచుకుని వెళ్ళిపోయారు. పార్టీలో ఉన్నది దాదాపు రెండు వందల మంది. అంటే సభ సవ్యంగా జరిగినా, ఆ నలభైమందే అందరి తరపునా తేల్చేసేవారు. నేను దానికి ఏకగ్రీవం అనే రాసేదాన్నేమో.

కో పీటర్ షాపులో కూర్చుని టైరుకి గాలి కొట్టాడు. తర్వాత పంపు పక్కన పెట్టి, "అక్కా, నలుగురు దాకా లీగలే గదా. మనం ఇద్దరం, ఇంట్లో ఇద్దరు. అదీ మీటింగే గదా?" అన్నాడు.  సభకు జనం రాలేకపోతే సభే ఇంటింటికీ వెళ్తుందన్న మాట! ఇరవై నాలుగేళ్ళలో ఏ ఆఫీసరుకీ తట్టని ఉపాయం సైకిల్ రిక్షా బాగుచేసేవాడికి తట్టింది.

ఉత్సాహంతో ఆ మధ్యాహ్నమే నేను పేర్లూ ఇంటి నంబర్లూ వరసగా రాసుకొచ్చాను. కో పీటర్ చూసి నెత్తి కొట్టుకున్నాడు. "ఇది లిస్టేటి అక్కా, వారంటేటి? మిలిట్రీవోలకి దొరికితే ఇల్లిల్లూ ఎతుక్కోనక్కర్నేదు. అడ్రసులన్నీ నువ్వే రాసిచ్చీసినావు."  చక్కగా రాయడమే నా విద్య అనుకునేదాన్ని, ఆ విద్యే మనుషుల్ని పట్టిచ్చేది. సండే స్కూల్లో కీర్తనలు బట్టీపట్టిన బుర్ర కదా, పేర్లన్నీ కంఠతా పట్టి, ఆ కాగితాలు పొయ్యిలో పెట్టాను.

చీటీలూ ప్రమాదమే. అందుకని గింజలు అనుకున్నాం. వకీలుకి శనగగింజ, మంత్రసానికి చింతగింజ. రెండూ ప్రతి వంటింట్లోనూ ఉంటాయి. ఎవరికి వాళ్ళు చాటుగా వెళ్ళి, ఒక గింజ పాత కాగితంలో పొట్లం కట్టి, మా బిస్కెట్ డబ్బాలో వెయ్యాలి. పనికి పోయినవాళ్ళు పొట్లం ఇంట్లో ఇచ్చి వెళ్ళొచ్చు. పొట్లంలో ఒకటే గింజ ఉండాలి, ఎక్కువుంటే చెల్లదు. ఆ నియమం నాదే.

తొమ్మిది రోజులు తిరిగాం. ఆ తొమ్మిది రోజులు నేను చూసింది చెబితే మీరు నమ్మరు. బయట తుపాకులు. మాట్లాడితే జైలు. అయినా తలుపు తట్టగానే ముఖాలు వెలిగేవి. ఒక కూలీ సిమెంటు బస్తాలు దించి వచ్చిన చేతులు మూడుసార్లు కడుక్కుని గానీ గింజ ముట్టుకోలేదు. చూపు లేని ఒకాయన రెండు గింజలూ వేళ్ళతో తడిమి, కావలసింది ఏరుకుని, పొట్లం తానే కట్టాడు. రేవులో రెండు పూటలా పని పడినవాళ్ళు పొట్లాలు లుంగీ కొంగులో ముడేసి, తోటివాళ్ళ చేత పంపించారు. ప్రతి ఇంటి గడప దాటుతుంటే చర్చిలోకి అడుగుపెడుతున్నట్టు నా తల దానంతటదే వంగేది.

అంతా పాలూ తేనే అనుకోకండి. ఒక ఇంట్లో మొగుడు తన పెళ్ళాం పొట్లం కూడా తానే కట్టబోయాడు. ఆవిడ గోడకేసి చూస్తోంది. "బాబూ, కాస్త మంచినీళ్ళు తెచ్చిపెట్టు, కిందనుంచి చల్లటివి" అన్నాను. అతను దిగి ఎక్కేలోపు ఆవిడ పని కానిచ్చేసింది. ఇంటి దగ్గర వేసే ఓటుకి ఉన్న జబ్బు ఇది. అయితే సభలో మాత్రం ఆవిడ మొగుడి చెయ్యి చూడకుండా తన చెయ్యి ఎత్తేదా? పిల్లలూ, ఏ పద్ధతైనా ఎవరో ఒకరిని గడప బయట ఉంచుతుంది. ఎవరిని ఉంచుతోందో కనుక్కుని, మంచినీళ్ళు అడగడం మీ పని.

నూకాలమ్మ బండి దగ్గరికి నేనే వెళ్ళాను. వెనక్కి తిరిగి ఏదో చేసి, నూనె మరకల పొట్లం డబ్బాలో వేసింది. తర్వాత డబ్బా మీద అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉంది. నా వంక చూడకుండా బాణలి వైపు తిరిగింది.

లెక్క

పెద్ద ఎన్నిక చివరికి ఏమైందో అందరికీ తెలిసిందే. గెలిచినవాళ్ళను సైన్యం గద్దె మీద కూర్చోనివ్వలేదు. అందుకే నా మటుకు నాకు ఆ రోజుల్లో నిజంగా జరిగిన ఎన్నిక ఇదొక్కటే.

పదో రోజు మధ్యాహ్నం, వాన కురుస్తుండగా, పార్టీ ఆఫీసులో డబ్బా విప్పాం. నేను, కో పీటర్, ఊ ఖిన్ షేన్, డో నూ నూ తరపున ఆవిడ చెల్లెలు. సరిగ్గా నలుగురం. నూట డెబ్బై మూడు పొట్లాలు వచ్చాయి. నలభై మంది హాలు నాకు గుర్తొచ్చింది. శనగగింజలు ఎనభై మూడు. చింతగింజలు డెబ్బై తొమ్మిది. మిగిలిన పదకొండు పొట్లాల్లో రెండేసి గింజలున్నాయి. తొమ్మిదింట్లో రెండేసి చింతగింజలు, రెండింట్లో రెండేసి శనగలు.

"ఎవరో రెండు ఓట్లు వెయ్యబోయారు. చెల్లవు" అని పక్కకి నెట్టేశాను. చెల్లెలి ముఖం వాడిపోయింది. ఊ ఖిన్ షేన్ నాలుగు ఓట్లతో గెలిచాడని చెప్పాను. ఆయన సంతోషించలేదు. "ఆ పదకొండూ మరోసారి చూడండి సయామా. ఒకే రకం తప్పు పదకొండు మంది ఎందుకు చేస్తారు?" అన్నాడు. బర్మా వాళ్ళు ఉద్యోగం చేసే ఆడవాళ్ళను గౌరవంగా అలా పిలుస్తారు. ఆ గౌరవానికి తగ్గట్టు నేను ఆలోచించలేదు. రూలు రూలే అన్నాను.

అప్పుడే మెట్ల మీద ఆయాసం వినిపించింది. నూకాలమ్మ. తడిసి ముద్దయి గుమ్మంలో నిలబడింది.

"నా పొట్లం అందీసిందేటమ్మా?"

పక్కన పడేసిన పదకొండింటి మీద ఆవిడ చూపు పడింది. "అవెందుకలాగ ఏరుగా ఎట్టినారు?"

"రెండేసి గింజలున్నాయి. ఒకటే వెయ్యమన్నాంగా."

నూకాలమ్మ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "ఒంటి గింజ ఎవులైనా ఇత్తారేటే? అశుబం కాదా? పదిమందికి మంచి జరగాలని ఏసిన గింజ ఒంటిగా ఎలాగేస్తాం? మీ ఇంట్లో ఒక్క అట్టు ఎయ్యవు గదా, రెండు ఎడతావు గదా! కాగితానికొకటే మాట, గింజలు రెండైతే ఏటి?"

కో పీటర్ నా వంక చూశాడు. అతనికి తెలియదు, ఈ కాలంవాడు. నాకు తెలుసు. మా అమ్మ బాప్టిస్టు అయినా, బతికినన్నాళ్ళూ ఎవరి పళ్ళెంలోనూ ఒంటి గారె వెయ్యలేదు. నేనూ వెయ్యలేదు. ఆ తెలుగిళ్ళన్నీ నా ఇల్లు లాంటివే. వాళ్ళు మోసం చెయ్యలేదు, తమకొచ్చిన మొట్టమొదటి ఓటుని శుభకార్యంలా వేశారు. వాళ్ళ చేతి మంచిని నేను దొంగతనమన్నాను. సిగ్గుతో, ఆశ్చర్యంతో నా కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి.

ఊ ఖిన్ షేన్‌కి బర్మా భాషలో విషయం చెప్పాను. ఆ పదకొండూ కలిపితే ఆయన ఎనభై అయిదు, డో నూ నూ ఎనభై ఎనిమిది. ఆ కూడిక ఆయనకు నాకంటే ముందే తెలిసి ఉంటుంది. ఆయన గుమ్మంలో తడిసి నిలబడ్డ ముసలమ్మని చూశాడు, గదిలో మమ్మల్ని చూశాడు. లేచి, తన కుర్చీ తుండుగుడ్డతో తుడిచాడు.

"ఈవిడ లోపలికొస్తే అయిదుగురం అవుతాం. కూర్చోబెట్టి లెక్కపెట్టండి. నేను కిందకి వెళ్తాను" అన్నాడు.

గొడుగు కూడా తీసుకోకుండా మెట్లు దిగి, రోడ్డు మీద నిలబడ్డాడు. అంత పెద్దమనిషి ఓడిపోవడం నేను ఇంకెక్కడా చూడలేదు. నూకాలమ్మ ఆయన కుర్చీలో అంచున కూర్చుంది. నేను ఒక్కొక్క పొట్లం ఎత్తి, చూపించి, లెక్కపెట్టాను. ప్రతి అంకెకీ ఆవిడ తల ఊపింది. పదకొండు అన్నాక అడిగింది:

"ఇందులో నాదేదే?"

"నాకు తెలీదమ్మా. తెలియకూడదు కూడా."

 బోసినోటితో, చిన్నపిల్లలా నవ్వింది.

"అయితే అన్నీ నావే అనుకుంటాను. మల్లీ లెక్కెట్టమ్మా, గట్టిగా."

కింద వానలో నిలబడ్డ ఆయనకి కూడా వినిపించేలా, ఒకటి నుంచి మళ్ళీ మొదలుపెట్టాను.